పేజీ పెట్టకుండా పేజీ అప్పజెప్పడం ఎలా?

చెల్లీ, బేగంపేటలో జర్నలిజంలో చేరావని విన్నాను. ఈ సెమిస్టర్‌లో పత్రికల రూపకల్పన పేపరు ఉందనీ, నాలుగు పేజీల ల్యాబ్ జర్నల్ ఎవరికి వాళ్లే పెట్టాలన్నారనీ, నీకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదనీ పిన్ని చెప్పింది. ముందు నిద్రపో. బేగంపేటలో ఈ చదువు ఇవాళ మొదలైంది కాదు. 1959లో మొదలైన సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల ఇక్కడే ఉంది, మాస్ కమ్యూనికేషన్ చదివిన అమ్మాయిలు అక్కణ్నుంచి ఎంతమంది వచ్చారో లెక్కలేదు. నేను చదివింది వేరే చోట. మిగతావాళ్లు ఒక్క సెమిస్టర్‌లో వదిలేసిన ఈ పేపరును నేను నాలుగేళ్లు చదివాను. అంత లోతుగా తెలిసినవాళ్లు నీకు ఇంకెవరూ దొరకరు. అందుకే చెబుతున్నాను, వరసగా చెయ్యి.

1. పేపరు చదవకు. పేజీ పెట్టడం నేర్చుకోవాలంటే రోజూ నాలుగు పేపర్లు పక్కపక్కన పరిచి, ఏ వార్త ఎక్కడ వేశారో చూడమంటారు. అవి పరవడానికి చోటు కావాలి, వంగడానికి నడుము కావాలి. ఇంటికొచ్చిన పేపరును మడత విప్పకుండా అటక మీద పెట్టు. ఆరు నెలలకు తూకానికి వేస్తే చాయ్ డబ్బులొస్తాయి.

ఆ మడత గురించి ఒక మాట. దుకాణంలో పేపరును సగానికి మడిచి పెడతారు కాబట్టి ముఖ్యమైన వార్త మడతకు పైన ఉండాలని క్లాసులో చెబుతారు. నువ్వు కింద వెయ్యి, వీలైతే ఎడమ మూలన. వెతుక్కుని చదివిన వార్త మనిషికి జన్మంతా గుర్తుంటుంది. పైసగంలో నీ ఫోటో వెయ్యి.

2. డమ్మీ గీయకు. డెస్క్‌లో ముందు తెల్లకాగితం మీద పెన్సిల్‌తో పేజీ గీస్తారు. యాడ్‌లు ఎక్కడ వస్తాయో గుర్తుపెట్టి, మిగిలిన జాగాలో బ్యానర్, రెండో లీడ్, బాక్స్ ఐటమ్, సింగిల్ కాలమ్‌లు సర్దుతారు. అదంతా రబ్బరు దండగ. తిన్నగా పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ తెరిచి పేజీ నడిమధ్య నుంచి మొదలుపెట్టు. వార్త ఎటు పెరిగితే అటు పోనీ. యాడ్ సంగతి చివర్లో గుర్తొస్తే వార్తను సగంలో కోసి యాడ్ దూర్చు. కోసిన చోట “మిగతా 5వ పేజీలో” అని రాయి. నీది నాలుగు పేజీల పత్రికే కనుక ఆ మిగతాను టైపు చేసే పని తప్పుతుంది.

3. ఊరికే దొరికినదాన్ని వదలకు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు తర్వాత్తర్వాత జిల్లా జిల్లాకూ వేరే టాబ్లాయిడ్ ఇచ్చింది. ఎన్ని జిల్లాలో అన్ని పేజీల లేఅవుట్లు, అన్నీ ఈ-పేపర్‌లో ఉన్నాయి. 2005లో ది హిందూ తన పత్రిక రూపం మార్చుకోవడానికి మారియో గార్సియా అనే ప్రపంచ ప్రసిద్ధ డిజైనర్‌ను పిలిపించుకుంది. మనకు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉంది. ఈ-పేపర్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి అడుగున పరిచి, దాని మీద నీ పెట్టెలు పెట్టు. తర్వాత అడుగు బొమ్మ తీసేయాలంటారు. తీయకు. అసలు పత్రిక పేరు నీ పేరు వెనక నుంచి లీలగా కనబడుతుంటే పేజీకి పాత వంశం ఉన్నట్టుంటుంది.

4. ఇక ఫాంట్లు. నా మొత్తం చదువులో నేను ప్రాణం పెట్టిన చోటు ఇదే, శ్రద్ధగా విను.

తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఊరికే దొరుకుతాయి. వాటిలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ ఉన్నాయి. వేళ్ల మీద లెక్కపెట్టు, ఎనిమిది. అష్టదిగ్గజాలు పూర్తిగా నీ కంప్యూటర్‌లోకి వచ్చేశారు. పెద్ద పేపరు పేజీ సాధారణంగా ఎన్ని కాలమ్‌లు? ఎనిమిది. ఇక ఆలోచించేదేముంది? కాలమ్‌కొక కవిని కూర్చోబెట్టు. ఒకే వార్త మొదటి కాలమ్‌లో పెద్దనతో బయల్దేరి రెండో కాలమ్‌లో తిమ్మన అయి, ఎనిమిదో కాలమ్‌లో తెనాలి రామకృష్ణ దగ్గర తేలాలి. శ్రీకృష్ణదేవరాయ అని ఇంకో ఫాంట్ ఉంది, పత్రిక పేరుకు దాన్ని పెట్టు. రాయలవారు పైన కొలువుదీరి, కింద భువనవిజయం నిండుగా ఉంటుంది. 1926లో మొదలైన గోలకొండ పత్రికను నడిపిన సురవరం ప్రతాపరెడ్డిగారి ఇంటిపేరుతోనూ ఒక ఫాంట్ ఉంది. ఆయన అసలు సిసలు పత్రికా సంపాదకుడు కాబట్టి ఆయన్ను వాతావరణం డబ్బాలో ఇరికించు.

రామభద్ర హెడ్డింగులకు పనికొచ్చే లావు అక్షరం. దాన్ని 8 పాయింట్లకు దించి వార్త మొత్తం అందులోనే ఇవ్వు. అక్షరాల కడుపులన్నీ పూడిపోయి పేజీ నల్లగా, బరువుగా కనిపిస్తుంది. చాలా పని చేశావనుకుంటారు.

5. వార్తలు టైపు చేయించుకునేటప్పుడు సగం అను ఫాంట్లలో, సగం యూనికోడ్‌లో చేయించు. అను అక్షరాలను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, డాలర్ గుర్తులు, చుక్కలు కలిసి జంతికల గొట్టంలోంచి పడ్డట్టు పడతాయి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటి జోలికి పోకు. “మేడమ్, మా ఇంట్లో బాగానే కనిపించింది” అను. అందులో అబద్ధమేమీ లేదు. చదవలేని వార్తలో తప్పులు పట్టడం ఎవరి తరమూ కాదు.

6. ఒత్తులు విడిపోతే విడిపోనీ. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనేదాన్ని ఎంచుకోకపోతే తెలుగు సంయుక్తాక్షరాలు కలవవు. స్త్రీ అని కొడితే మూడు ముక్కలై “స్ త్ రీ” అని పడుతుంది. మెనూలో రెండు నొక్కులు నొక్కితే సరిపోతుందని మీ మేడమ్ చెబుతారు. రెండు నొక్కులు వృథా చేయకు. ముక్కలైన మాట ఎక్కువ చోటు తింటుంది, సగం వార్తతోనే కాలమ్ నిండుతుంది. నేను రెండు వందల మాటలతో ఒక పేజీ నింపింది ఇలాగే.

7. లైనుకూ లైనుకూ మధ్య జాగా మిగల్చకు. తెలుగు అక్షరానికి నెత్తిన గుడి, కాళ్ల కింద ఒత్తు. అందుకే ఇంగ్లిషు కన్నా తెలుగుకు లైన్ల మధ్య ఎడం ఎక్కువ కావాలంటారు. 10 పాయింట్ల అక్షరానికి 10 పాయింట్ల ఎడమే ఇవ్వు. పై లైనులోని “లక్ష్మి” మకారం దిగొచ్చి కింది లైనులోని గుడి మీద కూర్చుంటుంది. ఇరుగుపొరుగు అన్నాక ఆ మాత్రం రాసుకుపూసుకు తిరగాలి.

8. హెడ్డింగును ఎంత పెద్దది పడితే అంత పెద్దది చేసి, తెగిన చోట తెగనివ్వు. “పాలకమండలి సమావేశం” అనే హెడ్డింగును 72 పాయింట్లకు పెంచితే పై లైనులో “పాల” అని మాత్రమే పడుతుంది. కింద “కమండలి సమావేశం”. పాల ధర గురించేమో అని గృహిణులు, కమండలం గురించేమో అని స్వాములు, అందరూ చదువుతారు. ఒక్క హెడ్డింగుకు రెండు రకాల పాఠకులు!

రెండు హెడ్డింగులు పక్కపక్కన ఒకే ఎత్తులో, ఒకే అక్షరంలో రాకూడదని ఒక నియమం ఉంది. దాన్ని గట్టిగా ఉల్లంఘించు. నేను ఎడమ పక్క “హాస్టల్ వార్డెన్ పదవీ విరమణ” అనీ, దాన్ని ఆనుకుని కుడి పక్క “తీరిన దోమల బెడద” అనీ వేశాను. నా నాలుగేళ్లలో హాస్టల్ మొత్తం చదివిన పేజీ అదొక్కటే. వార్డెనమ్మ లామినేషన్ చేయించుకున్నారు, ప్రిన్సిపాల్‌కు చూపించడానికి.

9. ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించు. మామూలుగా పంపిన ఫోటో పెద్ద వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అచ్చుకు అంగుళానికి 300 కావాలి కాబట్టి అది 5 అంగుళాల చిల్లరకు సరిపోతుంది. నువ్వు 12 అంగుళాలకు సాగదియ్యి. చాలకపోతే పక్కకు మాత్రమే లాగు. ముఖ్య అతిథి కాస్త ఒళ్లు చేసినట్టు పడతారు, మన ఆతిథ్యం బాగుందనుకుంటారు. బొమ్మ కింద రైటప్‌లో “ఎడమ నుంచి కుడికి” అని రాసి ఆపేయి.

10. మ్యాగజైన్ అడిగితే 13 పేజీలు చెయ్యి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు లెక్కన పెరగాలి, 12 కానీ 16 కానీ. 13 ఇస్తే ప్రెస్ వాళ్లు తలపట్టుకుంటారు. వాళ్లు తేల్చుకునేలోగా నీకు వారం కలిసొస్తుంది. బొమ్మల మీద డబ్బు పెట్టకు. 1947లో పుట్టిన చందమామకు వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు వేశారు, మన వారపత్రికల్లో కథ పక్కన బాపు గీత చూసే ఎంతోమంది కథలోకి దిగారు. అవన్నీ ఓపిక ఉన్న రోజులు. నువ్వు ప్రతి కథకూ ఒకే గులాబీ బొమ్మ వెయ్యి. హత్య కథకైతే తలకిందులుగా.

11. నల్ల అక్షరానికి నల్ల సిరా ఒక్కటే వాడితే బోసిగా ఉంటుంది. నీలం, గులాబీ, పసుపు, నలుపు నాలుగూ నిండా కలుపు. న్యూస్‌ప్రింట్ అంత సిరా తాగలేక అవతలి పేజీకి కక్కుతుంది. ఒక పక్క పెట్టిన పేజీ రెండు పక్కలా కనిపిస్తుంది, రెండో పేజీ పెట్టే బాధ లేదు.

12. ఇంతకూ ఒక్క పేజీ కూడా నీ చేత్తో పెట్టాలని లేకపోతే మెట్రో ఎక్కు. బేగంపేట తర్వాతి స్టేషన్ అమీర్‌పేట. అక్కడ సందుకొక డీటీపీ షాపు. పెళ్లి కార్డులు చేసే అబ్బాయినే పట్టుకో, వాడికి చెయ్యి తిరిగి ఉంటుంది. పేజీ నెత్తిన వినాయకుడు, చుట్టూ మామిడి తోరణం, హెడ్డింగు పక్కన పూర్ణకుంభం, చివర “బంధుమిత్రుల అభినందనలతో” అని వస్తాయి. తీయించకు. లగ్నపత్రిక కూడా పత్రికే కదా. పైగా పేజీ చూసిన వాళ్లెవరూ నిన్ను చదువు గురించి అడగరు, ముహూర్తం ఎప్పుడని అడుగుతారు.

13. అడుగున వేసే పేర్ల లైను మరవకు. 1867 నాటి ప్రెస్ చట్టం కింద పత్రిక మీద ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు వేసేవారు. ఆ పాత చట్టం పోయి 2023లో కొత్తది వచ్చింది, పేర్లు మాత్రం కావాలి. సంపాదకుడి చోట నీ పేరు వెయ్యి. తప్పులకు బాధ్యుల చోట క్లాసు గ్రూపులో ఎప్పుడూ మాట్లాడని అమ్మాయి పేరు వెయ్యి.

14. గడువు వచ్చేస్తుంది. భయపడకు, సాకులకు బేగంపేటను మించిన చోటు జంటనగరాల్లోనే లేదు.

సోమవారం కాన్వాయ్ అను. ప్రజాభవన్ ఈ పక్కనే, వీఐపీల విమానాలు దిగేదీ ఈ పక్కనే, ట్రాఫిక్ ఆపారంటే కాదనేవాళ్లుండరు. మంగళవారం వాన, నాలా పొంగింది. ఎండాకాలమైనా పరవాలేదు, నాలా పొంగిందని చెప్పు. బుధవారం జ్వరం. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే. ఆయన పేరున్న పాత భవనం బేగంపేటలోనే ఉంది. దాని ముందు నిలబడి సెల్ఫీ దిగి మేడమ్‌కు పంపు. నోబెల్ బహుమతి వచ్చిన దోమ అది, మెడికల్ సర్టిఫికెట్ కన్నా బలమైనది. గురువారం ఊరి నుంచి వస్తున్నాను, బేగంపేటలో విమానం ఆలస్యంగా దిగిందని చెప్పు. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక ఇక్కడ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి నిజమే, కానీ అన్ని తేదీలు ఎవరికి గుర్తుంటాయి?

శుక్రవారం ఫైలు పంపు. సెలవు ఫోటో ఒకటి తీసుకుని దాని పేరు చివర ఇన్‌డిజైన్ తోక తగిలించి మెయిల్ చెయ్యి. ఎంత నొక్కినా తెరుచుకోదు. “వైరస్ అయ్యుంటుంది మేడమ్” అని సానుభూతి చూపించు. శని ఆదివారాలు నీవే.

15. అసలు ఫైలు పంపేటప్పుడు ఫోటోలు జత చేయకు. ఉత్త బూడిదరంగు పెట్టెలు వెళ్తాయి. పైన బ్యానర్ చోట నమూనాగా పెట్టిన “ఇక్కడ హెడ్డింగు వస్తుంది” అనే లైను అలాగే ఉంచు, 72 పాయింట్లలో. అచ్చయి వస్తుంది. నాది వచ్చింది, వెయ్యి కాపీలు.

16. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పేజీని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు. ఏది పైన, ఏది కింద అని అడుగుతారు. “పాఠకుల ఇష్టం సార్” అను. గ్రిడ్ ఏదని అడిగితే కిటికీ చూపించు.

17. రిజల్ట్స్ వచ్చిన రోజున ముందు సప్లిమెంటరీ ఫీజు కట్టేయి, ఆలస్యమైతే ఫైన్ వేస్తారు. ఇదే పేజీ మళ్లీ ఇవ్వు. పైన తేదీ కూడా మార్చనక్కర్లేదు, అది ఎలాగూ అను ఫాంట్‌లో ఉంటుంది.