భద్రాద్రి దారిలో ఒక చేతికర్ర

నేను వెదురును. పాల్వంచ దాటాక రోడ్డుకు కాస్త లోపల, ఒక కోయగూడెంలో చేను గట్టున పుట్టాను. లోపల బోలు తక్కువగా ఉండే గట్టి జాతి మాది. నాతోపాటు పెరిగినవి కొన్ని దడులయ్యాయి, కొన్ని బుట్టలూ చాటలూ అయ్యాయి. ఈ అడవుల వెదురు ఎంతో గోదావరి ఒడ్డున సారపాక మిల్లుకు పోయి కాగితమైంది. నాకు నడిచే రాత పడింది.

ముక్కోటికి భద్రాచలానికి కాలినడకన పోతున్న ఒక పెద్దాయనకు ఆ గూడెం దగ్గరే మోకాలు పట్టేసింది. అడుగు పడక చింతచెట్టు కింద కూలబడితే, చేను మనిషి చూసి నన్ను కొట్టుకొచ్చి, నిప్పు సెగ మీద వంకర తీసి, ఆయన చేతిలో పెట్టాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "రామయ్య కాడికి పోతున్నవు గదా తాతా, మా పేరు చెప్పి ఒక దండం పెట్టు, చాలు" అన్నాడు. ఊరికి తిరిగొచ్చాక పెద్దాయన నాకు ఆముదం పట్టించి, అడుగున ఇనుప పొన్ను వేయించాడు. అప్పటినుంచి శ్రీరామనవమికీ ముక్కోటికీ ఆయనతో నేను కదలాల్సిందే.

ఆయనది నేలకొండపల్లి పక్క ఊరు. రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న పుట్టింది నేలకొండపల్లిలోనే. గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారై, వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించి, ఆ నేరానికి 12 ఏళ్లు గోల్కొండ చెరలో మగ్గిన కథ మా బృందంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే నడిచినవాళ్లకే తోచే మాట ఒకటుంది. నేలకొండపల్లిలో పుట్టాడు, పాల్వంచలో కొలువు చేశాడు, భద్రాద్రిలో గుడి కట్టాడు. చెరసాల ఒక్కటి తీసేస్తే రామదాసు బతుకంతా మేం నడిచే ఈ దారి వెంటే పరుచుకుని ఉంది. బస్సులో పోతే ఇవి మూడు స్టాపులు. నడిస్తే ఒక మనిషి జీవితం మీదుగా వెళ్తున్నట్టే ఉంటుంది.

ఖమ్మం నుంచి భద్రాచలానికి దాదాపు 120 కిలోమీటర్లు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, ఆపైన గోదావరి వంతెన. తల్లాడ దాకా పొలాలు, ఊళ్లు, టీకొట్లు, పలకరింపులు. ఏన్కూరు దాటాక అడవి మొదలవుతుంది. మద్ది, తునికి, ఇప్ప, మోదుగ. నవమి రోజుల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతుంటాయి, ఆ తీపి వాసన దారంతా ఆవరిస్తుంది. వెలుగు రాకముందే కోయ ఆడవాళ్లు బుట్టలతో చెట్ల కిందికి వచ్చేస్తారు. మావాళ్లను చూసి "ఏ ఊరు అమ్మా?" అని అడుగుతారు. ఊరి పేరు చెబితే "అబ్బో, అంత దూరమా!" అని ముంతతో నీళ్లందిస్తారు.

నడకకు కొన్ని కట్టుబాట్లుంటాయి. రాత్రి మూడింటికే లేచి, ఎండ ముదరకముందే ఆ పూట నడక ముగించాలి. మళ్లీ సాయంత్రం చల్లబడ్డాకే బయల్దేరడం. కొత్తగూడెం ప్రాంతపు ఎండ మామూలుది కాదు, మధ్యాహ్నం తారు కరిగి కాలికి అంటుకుంటుంది. చెప్పుల్లేకుండా నడిచేవాళ్లే ఎక్కువ. రెండో రోజుకు బొబ్బలు లేస్తాయి. అనుభవమున్న అమ్మలు సూదిలో దారం ఎక్కించి బొబ్బలోంచి లాగి, ఆ దారాన్ని అందులోనే వదిలేస్తారు. నీరు దారం వెంట జారిపోతుంది, చర్మం ఊడదు. పైన పసుపు, కొబ్బరినూనె. మూడో రోజు పొద్దున ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఆ పూట గడిస్తే చాలు, ఒళ్లు నడకకు అలవాటు పడిపోతుంది. ఎవరి చెయ్యి నా మీద ఎంత బరువు మోపుతుందో చూసి వాళ్ల ఓపిక నేను చెప్పగలను.

కొత్తగూడెంలో రైల్వేస్టేషన్ పేరే భద్రాచలం రోడ్డు. రైలు దిగినవాళ్లకు కూడా ఇంకా 40 కిలోమీటర్లు మిగిలే ఉంటాయి. ఆ 40 కిలోమీటర్లే నాకు పుట్టిల్లు. పాల్వంచ దాటాక జగన్నాథపురం పెద్దమ్మతల్లికి మొక్కి ముందుకు పోతే రెండు పక్కలా అడవి దగ్గరికొస్తుంది. ఇక్కడ పెద్దాయన ప్రతిసారీ దమ్మక్క పేరు తలిచేవాడు. గుడి కట్టించింది గోపన్న, నిజమే. కానీ పుట్టలో ఉన్న దేవుణ్ణి ముందుగా చూసింది, పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క. కోయ ఇంటి ఆడబిడ్డ ఆమె. రాముడికి తొలి పూజ అడవి బిడ్డదే అని తలుచుకున్నప్పుడల్లా అదే అడవిలో మొలిచిన నా కణుపులన్నీ పులకరిస్తాయి.

ఒక ఏడు మాతో ఒక బడిపంతులు నడిచాడు. నడుస్తూ ఒక సంగతి చెప్పాడు. ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుంచి రోముకు కాలినడకన పోయే పాత యాత్రామార్గం ఒకటుందట, పేరు వియా ఫ్రాంచిజెనా. రోమన్లు వేసిన బాటల మీదుగా కూడా అది సాగుతుంది. 990లో సిజెరిక్ అనే మతపెద్ద రోము నుంచి తిరిగొస్తూ తాను ఆగిన 79 మజిలీల పేర్లు రాయించి పెట్టాడు. ఆ జాబితా పట్టుకునే ఇవాళ్టికీ జనం నడుస్తున్నారు. 1994లో యూరప్ కౌన్సిల్ దానికి సాంస్కృతిక మార్గమని గుర్తింపు ఇచ్చింది. దారి పొడవునా గుర్తులు, తక్కువ ఖర్చుతో రాత్రి బస. పంతులు ఇదంతా చెప్తుంటే పెద్దాయన శ్రద్ధగా విని, "మన మజిలీలు ఎవరు రాసిన్రు పంతులూ?" అని అడిగాడు. పంతులు ఆ రాత్రి బడి వరండాలో కూచుని నోట్‌బుక్కులో రాయడం మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో ఏ చెట్టు కింద ఆగాలి, ఏ బోరు నీళ్లు తియ్యన, ఎవరింటి ముందు మజ్జిగ పోస్తారు, ఏ గుడి మండపంలో పడుకోవచ్చు. అంతకన్నా అవసరమైన పుస్తకం ఈ దారికి లేదని నేను నమ్ముతాను.

ఇక నా మూడో కణుపు దగ్గరున్న రాగితీగ సంగతి చెప్పాలి. ఒకసారి చీకటితో నడుస్తుండగా ఎదురుగా ఒక లారీ కళ్లు మిరుమిట్లు గొలిపే లైట్లతో వచ్చింది. రోడ్డు అంచున అడుగు పెట్టడానికి మట్టి లేదు, తారు తెగిన చోటే గుంట. పెద్దాయన పక్కకు ఒరిగి పడిపోయాడు. ఆయన బరువంతా నా మీద పడి నేను నిలువునా చీలాను. లారీ ఆగలేదు. వెనక వస్తున్న పిల్లలు పరుగున వచ్చి లేపారు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. "నాకేం కాలేదు, కర్ర ఇరిగిందా చూడుర్రి" అన్నాడాయన. కొత్తగూడెంలో రాగితీగ కొని నాకు బిగించి కట్టించాడు. మరుసటి ఏడు నుంచి బృందంలో ప్రతి ఒక్కరి వీపునా మెరిసే పట్టీ ఉంది.

సారపాక దాటి వంతెన ఎక్కగానే ఎంత అలిసినవాళ్లకైనా గొంతు లేస్తుంది. 1965లో ఈ వంతెన వచ్చేదాకా పడవ మీదే దాటేవారని పెద్దాయన వాళ్ల నాయన చెప్పేవాడట. ఇప్పుడు పక్కన రెండో వంతెన కూడా లేచింది. వేసవిలో ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారే ఇదే గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. పై నుంచి చూస్తూ పెద్దాయన ఆ అంకెలు మనవరాలికి చెప్పేవాడు.

నవమి నాడు మిథిలా మండపంలో కల్యాణం. అభిజిత్ లగ్నంలో జీలకర్రా బెల్లం, తర్వాత ముత్యాలు కలిపిన తలంబ్రాలు. గులాలు కలిపి చేస్తారు కాబట్టి ఇక్కడి తలంబ్రాలు ఎర్రగా ఉంటాయి. కోరుకొండ వైపు భక్తులు వడ్లను గోటితో ఒలిచి తెచ్చే బియ్యం కూడా వస్తుంది. పెద్దాయన కల్యాణం చూసి, దండం పెట్టేటప్పుడు ఆ గూడెం మనిషి పేరు తప్పకుండా చెప్పేవాడు. కొందరు పర్ణశాల దాకా నడక సాగిస్తారు. ఆ దారిలో కొంతసేపు ఆంధ్రప్రదేశ్ నేల మీదుగా పోయి మళ్లీ తెలంగాణలోకి వస్తారు. 2014లో గీసిన హద్దు అది. ఏటపాకలో మజ్జిగ పోసే అమ్మ మాత్రం ఎవరిది ఏ రాష్ట్రమని అడగదు.

ఇప్పుడు పెద్దాయన నడవలేడు. మనవరాలు నన్ను పట్టుకుని నడుస్తోంది. ఆమెకు కర్ర అవసరం లేదు, తాత మొక్కు ఆపకూడదని తెస్తుంది. ఏటేటా దారి వెడల్పవుతోంది, నీడ తగ్గుతోంది. పాత చింతలు కొట్టేసిన చోట కొత్త మొక్క కనబడదు. బండి మీద పోయేవాళ్లకు రోడ్డు ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ నడిచేవాళ్ల కోసం తారు పక్కన ఇద్దరు మనుషుల వెడల్పు మట్టిబాట వదిలితే పోయేదేం లేదు. దారి మీది పంచాయతీలు తలా ఒక వరస చింతలూ వేపలూ నాటి మూడు వేసవులు నీళ్లు పోస్తే చాలు. ఇక లారీలు, కార్లు నడిపే అన్నలారా, నవమికీ ముక్కోటికీ ముందు రోజుల్లో రాత్రిపూట ఈ దారిన వస్తే దీపం తగ్గించండి, వేగం తగ్గించండి. రోడ్డు అంచున ముసలివాళ్లు, పిల్లలు నడుస్తుంటారు.