ఇక చర్చలన్నీ ఏకపాత్రాభినయమే

2019 డిసెంబరు 1, ఆదివారం, అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ నివాసం ప్రగతి భవన్‌లో ఆర్టీసీ కార్మికులకు భోజనాలు ఘనంగా జరిగాయి. 97 డిపోల నుంచి డిపోకు ఐదుగురు చొప్పున పిలిపించారు. అక్టోబరు, నవంబరుల్లో సమ్మె చేసిన 52 రోజులకూ జీతం ఇస్తామన్నారు. రిటైర్మెంట్ వయసు 60కి పెంచుతామన్నారు. టికెట్ లేని ప్రయాణికుడు దొరికితే జరిమానా అతనికే, కండక్టరును వేధించొద్దన్నారు. మహిళా కండక్టర్లు రాత్రి ఎనిమిదింటికల్లా డ్యూటీ దిగేలా చూడమన్నారు. ఏటా బడ్జెట్‌లో వెయ్యి కోట్లన్నారు. ఇన్ని వడ్డించాక, అసలు వంటకం చివర్లో వేశారు: రెండేళ్లపాటు యూనియన్లు వద్దు, యూనియన్ ఎన్నికలూ వద్దు. వాటికి బదులు డిపోకు ఇద్దరేసి సభ్యులతో సంక్షేమ మండళ్లు. కార్మికుల కష్టసుఖాలు ఇకపై ముఖ్యమంత్రి గారే చూసుకుంటారు. కష్టసుఖాలంటే ముఖ్యంగా కష్టాలు ఏమిటో తేల్చడం, అవి కష్టాలో కావో నిర్ణయించడం, వాటిని అడగడం, అడిగినందుకు కోప్పడటం, చివరికి కరుణించడం. అన్నీ ఆయనే.

ఏకపాత్రాభినయం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. స్కూలు వార్షికోత్సవంలో అట్ట కిరీటం పెట్టుకున్న దుర్యోధనుడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరో ఏదో అన్నట్టు ఉలిక్కిపడతాడు. ఆ అన్నదేమిటో మనకు తనే చెప్తాడు, జవాబూ తనే చెప్తాడు, తొడ కూడా తనదే కొట్టుకుని దిగిపోతాడు. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే ఎదుటి పాత్ర ఎప్పుడూ పేచీ పెట్టదు. దుర్యోధనుడి దగ్గర జవాబు లేని ప్రశ్న ఆ పాత్ర నోట పొరపాటున కూడా రాదు. పారిశ్రామిక సంబంధాల రంగంలో ఇంత చవకైన, ఇంత ప్రశాంతమైన పద్ధతి ఉండగా ఇన్నాళ్లూ ఎవరికీ తట్టకపోవడం విచిత్రమే.

కొత్త పద్ధతిలో పని ఎలా సాగుతుందో చూద్దాం. ముందుగా డిమాండ్ల పత్రం. దీన్ని ముఖ్యమంత్రి గారు ముఖ్యమంత్రి గారికి రాస్తారు. ప్రజోపయోగ సర్వీసుల్లో సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని అప్పట్లో అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పేది కాబట్టి అదీ ఇస్తారు, కింద ‘అందినది’ అని సంతకమూ పెడతారు. తర్వాత రాజీ చర్చలు. ఇన్నాళ్లూ కార్మిక శాఖ కమిషనర్ మధ్యలో కూర్చుని ఇటు యాజమాన్యం వైపు, అటు సంఘాల వైపు మెడ తిప్పలేక పాపం నానా యాతన పడేవారు. ఇక ఒకే వైపు చూస్తే చాలు. అక్టోబరు 26న ఎర్రమంజిల్‌లో చర్చలకని పిలిచి లోపలికి పోయేముందు తమ ఫోన్లు తీసేసుకున్నారని ఆర్టీసీ కార్మిక సంఘాల జేఏసీ నాయకులు గొడవ చేశారు చూడండి, అలాంటి అపశ్రుతులు ఉండవు. ముఖ్యమంత్రి గారి ఫోను ముఖ్యమంత్రి గారి జేబులోనే ఉంటుంది. 26 డిమాండ్లలో ఏవి మాట్లాడాలి, ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేసే మాట ఎత్తొచ్చా ఎత్తకూడదా అన్న తగాదా రాదు. పొరపాటున చర్చలు విఫలమయ్యాయే అనుకోండి. ముఖ్యమంత్రి గారు ముఖ్యమంత్రి గారి మీద సమ్మెకు దిగుతారు. సాయంత్రం ఆరింటిలోగా విధుల్లో చేరాలని తనకు తానే గడువు పెట్టుకుంటారు. చేరకపోతే సెల్ఫ్ డిస్మిస్! అక్టోబరులో 48 వేల మందికి పైగా కార్మికుల మీద ఈ మాట వాడినప్పుడు అది ఏ చట్టంలో ఏ సెక్షనో లాయర్లకు కూడా దొరకలేదు. కొత్త ఏర్పాటులో దానికి ఆ లోటు కూడా తీరిపోతుంది.

ఇదేదో భోజనాల వేళ తోచిన ఆలోచన అనుకుంటే పొరపాటు, రిహార్సళ్లు ఎప్పట్నుంచో నడుస్తున్నాయి. 2017లో ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ మూసేశారు. నిరసన పాత్రకు రంగస్థలం ఎందుకు దండగ అని. 2019 జూన్‌లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్‌లో ‘విలీనం’ అయిపోయారు. (ఆర్టీసీకి అసాధ్యమని తేల్చిన విలీనం కాంగ్రెస్ శాసనసభా పక్షానికి ఎంత సులువుగా కుదిరిందో గమనించాలి.) నవంబరులో హైకోర్టు, సమ్మె తేల్చడానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో కమిటీ వేద్దామా అంటే ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏకపాత్రలో మధ్యవర్తికి వేషం ఎక్కడ ఉంటుంది? ముగ్గురికి ఎక్కడ ఉంటుంది?

అయితే ఈ నాటకంలో పూర్వం ఇంకో పాత్ర ఉండేదని, దానికి వేషం కట్టింది కూడా ఇప్పటి నటుడి బృందమేనని ప్రేక్షకులు మరిచిపోలేదు. సమ్మెను నడిపిన జేఏసీకి కన్వీనరుగా ఉన్న అశ్వత్థామరెడ్డి తెలంగాణ మజ్దూర్ యూనియన్ నాయకుడు. ఆ యూనియన్ తెలంగాణ ఉద్యమంలో ఎదిగింది, టీఆర్‌ఎస్ నీడలో ఎదిగింది, దానికి ఒకప్పుడు గౌరవాధ్యక్షుడిగా ఉన్నది ఆ పార్టీ నాయకుడు హరీశ్‌రావు. 2011 సెప్టెంబరులో మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కార్మికులు బస్సులు ఆపేశారు. అప్పుడూ పండగ ముందరే, అప్పుడూ జనానికి ఇబ్బందే, అప్పుడూ సంస్థకు నష్టమే. ఆనాడు అది త్యాగం. తర్వాత 2015 మేలో, సొంత రాష్ట్రంలోనే, ఎనిమిది రోజులు సమ్మె చేసి 43 శాతం ఫిట్‌మెంట్ అడిగితే ముఖ్యమంత్రి గారు ఒక శాతం కలిపి 44 ఇచ్చారు. ఎదుట సంఘం ఉంది, అది అడిగింది, బేరం తెగింది, బస్సులు కదిలాయి. 2015కీ 2019కీ మధ్య చట్టం మారలేదు, కార్మికుడు మారలేదు. మరి యూనియన్ అన్న మాట ఒక్కటే ఎలా బూతైపోయింది?

దీనికి ప్రభుత్వ పక్షం వాళ్ల దగ్గర జవాబు ఉంది, అది తీసిపారేయదగ్గదీ కాదు. యూనియన్ నాయకులు డ్యూటీలు చేయరు, రాజకీయాలు చేస్తారు, అమాయక కార్మికులను రెచ్చగొట్టి రోడ్డున పడేసి, చివరికి ఏమీ సాధించకుండా సమ్మె విరమించారు. అలాంటి వాళ్లు లేకపోతేనే నయం కదా అంటారు. నాయకుల్లో అలాంటివాళ్లు ఉంటారు, ఉన్నారు. విలీనం ఒక్కదాని మీదే పంతం పట్టడం ఎత్తుగడగా తప్పని సమ్మె సానుభూతిపరులే అన్నారు. కానీ పనికిరాని నాయకుణ్ని ఏం చేయాలో ఆర్టీసీలో ఏనాడో ఏర్పాటు ఉంది. కార్మిక శాఖ రహస్య బ్యాలెట్ పెడుతుంది, కార్మికులు ఓటు వేస్తారు, గెలిచిన సంఘానికి గుర్తింపు వస్తుంది. 2016లో మజ్దూర్ యూనియన్ గెలిచింది అలాగే. నాయకులు మోసగాళ్లని కార్మికులు నిజంగా గ్రహించారని ముఖ్యమంత్రి గారికి నమ్మకం ఉంటే, ఓడించడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. వెంటనే ఎన్నికలు పెట్టించాలి. ఆయన ఎన్నికలే వద్దంటున్నారంటే ఆ నమ్మకం ఎంతో అర్థమవుతూనే ఉంది. ఎమ్మెల్యేలు డ్యూటీ చేయరని రెండేళ్లు శాసనసభ ఎన్నికలు ఆపితే ఒప్పుకుంటామా?

సుప్రీంకోర్టే ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదంది కదా అని మరో వాదన. 2003లో తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత లక్షన్నరకు పైగా ఉద్యోగులను ఒక్క దెబ్బకు తీసేసినప్పుడు వచ్చిన తీర్పు అది. దాన్ని ఎంత గట్టిగా చదివినా సమ్మె గురించే ఉంటుంది. సంఘం పెట్టుకోవద్దని, ఉమ్మడిగా బేరమాడొద్దని ఆ తీర్పు అనలేదు. అనలేదు సరికదా, సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. అంతకన్నా ముందు, 1926లో తెల్లవాళ్లు చేసిన ట్రేడ్ యూనియన్ల చట్టంలోనే దానికి రక్షణ దొరికింది. ఆ చట్టం వాళ్లు దయతలచి ఇచ్చింది కాదు. మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల యాజమాన్యం, కార్మికులను కాంట్రాక్టు తప్పేలా పురికొల్పుతున్నాడని నాయకుడు బి.పి. వాడియా మీద కోర్టుకెక్కి ఆయన చేతులు కట్టేయించాక, అలాంటి దావాల నుంచి సంఘాలను కాపాడటానికి చట్టం కావాలని ఊరూరా అడిగితే వచ్చింది. వందేళ్ల కిందటి మిల్లు యజమాని కోర్టు దాకా పోవాల్సి వచ్చింది. మన ప్రభుత్వానికి భోజనాల బల్ల సరిపోయింది.

పోనీ, అడగకుండానే అన్నీ ఇచ్చారు కదా, ఇంకా ఈ గొణుగుడు ఎందుకు అంటారా. అడగకుండా ఇచ్చారా? 52 రోజులు అడిగాక ఇచ్చారు. ఆ పైన, ఇచ్చిన దాని జాతకం ఏమిటో చూడాలి. సంఘంతో కార్మిక శాఖ ముందు కుదిరే దాన్ని డిపోల్లో ‘12(3) ఒప్పందం’ అనేవారు. పాయింటుకో నంబరు, కింద ఇరుపక్షాల సంతకాలు, అధికారి ముద్ర. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 18వ సెక్షన్ ప్రకారం యాజమాన్యం దానికి కట్టుబడాల్సి ఉండేది, తప్పితే 29వ సెక్షన్ కింద జైలు శిక్ష దాకా ఉండేది. విస్తరి ముందు అన్న మాటకు ఏ సెక్షనూ లేదు. వచ్చే బడ్జెట్‌లో ఆ వెయ్యి కోట్లు కనబడకపోతే ఏ కండక్టరు ఏ కాగితం పట్టుకుని ఎక్కడికి పోతాడు? సంక్షేమ మండలికి పోవాలి. ఆ మండలి సభ్యుడు ఎవరు? అదే డిపోలో డ్రైవరో, కండక్టరో, మెకానిక్కో. చార్జిషీటు చేతిలో పట్టుకుని డిపో మేనేజరు గది ముందు నిలబడ్డ కండక్టరు పక్కన ఈయన నిలబడి మాట్లాడాలి. మాట్లాడి బయటికొచ్చాక రేపటి డ్యూటీ చార్టు చూసుకోవాలి. తెల్లారుజాము నాలుగున్నర బండికి పేరు వేయాలా, ఇంటికి దగ్గర రూటు ఇవ్వాలా అన్నది ఆ మేనేజరు చేతిలో పనే. సంఘం సెక్రటరీ అయితే, ఎంత పనికిమాలినవాడైనా, వెనకాల ఓట్లున్నాయి, రిజిస్టరైన సంఘం ఉంది. ఇతని వెనకాల ఏముంది? ఒక పూట భోజనం.

ఇక నటన పక్కన పెట్టి రెండు మాటలు చెప్పాలి. నవంబరు 25న సమ్మె విరమించారు. మర్నాడు తెల్లవారకముందే కార్మికులు ఖాకీ బట్టలు వేసుకుని డిపోలకు వెళ్లారు, పని ఇవ్వమని. పోలీసులు గేట్ల దగ్గరే ఆపారు, వ్యాన్లెక్కించారు. పనికి రాకపోవడం నేరమని 52 రోజులు చెప్పిన ప్రభుత్వం, పనికి వస్తామన్నందుకు జనాన్ని పట్టుకుపోయింది. ఆ రోజు రాజ్యాంగ దినోత్సవం. అంతకు పది రోజుల ముందే సంస్థ ఇన్‌చార్జి ఎండీ, సంఘాల నాయకులు ప్రతిపక్షాలతో కుమ్మక్కై ప్రభుత్వాన్ని అస్థిరపరిచే కుట్ర చేస్తున్నారని హైకోర్టులో ప్రమాణపత్రం వేశారు. అప్పుడు కుట్రదారులు, ఇప్పుడు కుటుంబ సభ్యులు. మధ్యలో జరిగింది ఒక్కటే, వాళ్లు ఓడిపోయారు.

సెప్టెంబరు నెల పొడుగునా ఈ కార్మికులు బండ్లు నడిపారు. సమ్మె ఇంకా మొదలు కాలేదు, ఎవరూ డిస్మిస్ కాలేదు. ఆ నెల జీతం ఆపేశారు. ఇవ్వమని హైకోర్టు అంటే, సంస్థ ఖాతాలో అంత డబ్బు లేదన్నారు. బియ్యం కొట్టు బాకీలు, ఇంటి అద్దెలు, పిల్లల ఫీజులు అన్నీ ఆ ఒక్క జీతం మీదే ఉంటాయని తెలిసే అన్నారు. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకున్నాడు. రాణిగంజ్ డిపో కండక్టరు ఒకాయన ఉరేసుకున్నాడు. ఇంకా కొందరు పోయారు. ఇప్పుడు సంఘాల మెడలు వంచాక, పని చేయని 52 రోజులకు జీతం ఇస్తామంటున్నారు. పని చేసిన నెలకు లేని డబ్బు చేయని రోజులకు ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బు అక్టోబరులోనూ ఉంది. ఉండీ ఆపారు, ఇంట్లో పొయ్యి వెలగకపోతే సమ్మె అదే ఆగుతుందని ఆపారు. పోయినవాళ్ల ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారట. ఇవ్వాల్సిందే, ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. ఆ కొడుకో కూతురో డ్యూటీలో చేరిన మొదటి రోజున డిపో మేనేజరు ఏం చెప్తాడు? మీ నాన్నలాగా సంఘంలో చేరొద్దనా?