రక్షిత కట్టడాల జాబితాలోకి బస్సు పర్యాటకుడు

హైదరాబాద్‌లో ఇంకా నిలిచి ఉన్న పురాతన కట్టడాల్లో సిటీ బస్సెక్కి ఊరు చూసే మనిషి ఒకడు. చార్మినార్‌లా, గోల్కొండలా ఇతన్ని ఏ సుల్తానూ కట్టించలేదు. జగద్గిరిగుట్ట, ఉప్పల్, పటాన్‌చెరు వైపు తనంతట తానే లేచాడు. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచాలని ఆర్టీసీ నిర్ణయించడంతో ఇతన్ని రక్షిత కట్టడంగా ప్రకటించక తప్పని పరిస్థితి వచ్చింది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం ఆ హోదా దక్కాలంటే కనీసం నూరేళ్లు నిండాలి. పెంపు అమల్లోకి వచ్చిన 2025 అక్టోబర్ 6తో ఇతనికి నిండాయి.

కట్టడం ఎత్తు అయిదడుగుల చిల్లర. రాయి, సున్నం వాడలేదు. రబ్బరు చెప్పులు, భుజాన సంచి, సంచిలో పులిహోర డబ్బా, లేబుల్ ఊడిపోయిన కూల్‌డ్రింక్ సీసాలో ఇంటి నీళ్లు ప్రధాన సామగ్రి. పునాది మొత్తం చొక్కా జేబులో ఉంటుంది.

ఆ జేబును పురావస్తు పద్ధతిలో తవ్వితే పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. అట్టడుగున చార్మినార్ ప్రవేశ టికెట్, వెల 5 రూపాయలు: ఇది 2016కు ముందు కాలానిది. దాని మీద 15 రూపాయల పొర. 2018 తర్వాతి పొరలో అదే టికెట్ 25 రూపాయలకు చేరింది. పక్కనే ఆర్డినరీ బస్సు నెలవారీ పాసు దొరుకుతుంది. అది 2025 జూన్‌లో 1,150 నుంచి 1,400 రూపాయలైంది. బస్సు టికెట్లు మాత్రం చరిత్రకారులకు అక్కరకు రావు. కండక్టర్ మిషన్ నుంచి వచ్చే ఆ పలచటి కాగితం మీద అచ్చు కొద్దిరోజుల్లోనే వెలిసి తెల్లబడిపోతుంది. పాత ఛార్జీ ఎంతో ఎవరికీ గుర్తుండకూడదనుకునే వారికి ఇంతకన్నా అనుకూలమైన శాసనం మరొకటి లేదు.

ఈ కట్టడం కదులుతుంది. ఆదివారం పూట అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా కాలినడకన చార్మినార్ చేరుతుంది. అక్కడ 25 రూపాయలు కట్టి, ఫోన్లో కొంటే 20 కట్టి, ఇరుకు మెట్లెక్కి మొదటి అంతస్తు నుంచి నాలుగు దిక్కుల బజారూ చూస్తుంది. మక్కా మసీదు ప్రవేశం ఉచితం. అక్కడి కొలను పక్కనున్న రాతి బల్ల మీద ఒకసారి కూర్చున్నవారు ఎప్పటికైనా మళ్లీ వచ్చి కూర్చుంటారని నానుడి. అది పుట్టిన కాలానికి స్టేజీల లెక్క లేదు. లాడ్ బజార్‌లో లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా వాటిని చూడటానికి ఇప్పటికీ డబ్బులు అడగడం లేదు. ఇరానీ చాయ్ వన్ బై టూ. తిరుగుదారిలో మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. గంట గంటకూ గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ముచ్చట చూడాలా, పిల్లలకు రాత్రికి టిఫిన్ పెట్టించాలా అన్నది జేబు తేలుస్తుంది.

ప్రత్యామ్నాయ మార్గాలు లేకపోలేదు. మెట్రో రైలు ఉంది. దాని ఛార్జీలు 2025 మేలోనే పెరిగాయి, పైగా ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోతుంది, చార్మినార్ దాకా రాదు. ఎంఎంటీఎస్ పాతబస్తీ గుండా ఫలక్‌నుమా దాకా వెళ్తుంది, కనీస ఛార్జీ 5 రూపాయలే. అది ఎప్పుడొస్తుందన్నది మాత్రం భక్తిమార్గానికి చెందిన విషయం.

ఇక శిథిల స్థితి. 2019 మేలో చార్మినార్ మినార్ ఒకదాని నుంచి గచ్చు పెచ్చు ఊడిపడితే దేశమంతా వార్తయింది, మరమ్మతులూ జరిగాయి. బస్సు పర్యాటకుడి నుంచి ఇప్పుడు ఊడిన పెచ్చు కొలత కచ్చితంగా చెప్పవచ్చు. నాలుగు స్టేజీలు దాటి వచ్చేవాడికి పోను 10, రాను 10, మొత్తం 20 రూపాయలు. అంటే ఫోన్లో కొన్న చార్మినార్ టికెట్ ఒకటి. మధ్యలో బస్సు మారితే లెక్క ఇంకా పైకి పోతుంది. భార్య ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ మీద వస్తుంది కాబట్టి కట్టడంలో సగభాగానికి ఇంకా పగుళ్లు రాలేదు.

పరిరక్షణకు చట్టంలో ఏర్పాట్లున్నాయి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇతని చుట్టూ అదే గీత గీస్తే మొదటి వంద మీటర్లలో ఎవరూ ఏ ఛార్జీ పెంచరాదు. తర్వాతి రెండొందల మీటర్లలో ఆటోవాలా మీటర్ వేయక తప్పదు. వారసత్వ నడకలకు వచ్చేవారిని ఇతని ముందు ఆపి, చేతిలోని సరిపడా చిల్లరను చూపించి వివరణ ఇవ్వవచ్చు. ఇతన్ని చూడటానికి భారతీయులకు 25, విదేశీయులకు 300 రూపాయలు రుసుము పెడితే, ఒక్క విదేశీయుడితో కొన్ని ఆదివారాల బస్సు ఖర్చు గిట్టుబాటవుతుంది.

ఈ పెంపు ఎలక్ట్రిక్ బస్సుల కోసమట. బస్సు ప్రయాణికుడు రోడ్డు మీద ఆక్రమించేది ఒక సీటు, చాలాసార్లు ఫుట్‌బోర్డు మీద అరపాదం. ఊరి గాలిని పాడుచేయడంలో అతని వాటా అతి తక్కువ. ఆ గాలిని బాగుచేసే ఖర్చు మాత్రం అతనే భరించాలి. ఒక్కడే కూర్చుని కారు తోలుకుపోయేవాడి ఊసు ఈ నిర్ణయంలో ఎక్కడా లేదు. ఈ ఊళ్లోనే పుట్టి, ఒక్కసారైనా గోల్కొండ ఎక్కని పిల్లలున్నారు. పదిహేనేళ్ల లోపు వాళ్లకు కోటలో టికెట్టే లేదు. అయిదేళ్లు దాటితే మగపిల్లలకు బస్సులో సగం టికెట్ ఉంది. వందల ఏళ్ల నాటి కోట పిల్లల్ని ఊరికే రానిస్తుంటే, కోట దాకా తీసుకెళ్లాల్సిన బస్సు వాళ్ల తండ్రి చేత స్టేజీలు లెక్కపెట్టిస్తోంది. వారానికి ఒక్క సెలవు దొరికే మనిషి దగ్గర ఆ ఒక్క రోజునూ గుంజుకుని దాన్ని స్వల్ప భారం అనుకోవడం పచ్చి సిగ్గుమాలినతనం. ఇరవై రూపాయలు ఎవరికి స్వల్పమో, వాళ్లు ఆ బస్సెక్కరు.

రక్షిత కట్టడానికి నష్టం కలిగించినవారికి చట్టం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. ఈ కేసులో ముద్దాయిని వెతకాల్సిన పని లేదు. అయితే డీజిల్ ధర పెరిగినప్పుడు సెస్సు టికెట్ మీదే వేసిన అనుభవం ఉంది గనుక, ఆ లక్ష రూపాయలు కూడా ఏ స్టేజీ నుంచి వసూలు చేస్తారో ఫిర్యాదుదారులు ముందే కనుక్కోవాలి.