మీరొచ్చాకేనండీ!

మా ఇంటి ఓనరుగారి భాషలో మొత్తం రెండే వాక్యాలున్నాయి. ఇల్లు చూపించేటప్పుడు ఒకటి: "ఏ ప్రాబ్లమూ లేదండీ." అడ్వాన్సు చేతిలో పడ్డాక రెండోది: "మీరొచ్చాకేనండీ." మోటారు కాలిపోయిందా, మేమొచ్చాకే. బాత్రూం గోడ చెమ్మగిల్లిందా, మేమొచ్చాకే. కుళాయి తిప్పితే నీళ్ళకి బదులు గాలి వస్తోందంటే అదీ మా హయాంలోనే మొదలైంది. రాజుల కాలంలో కరువొస్తే రాజుని తిట్టేవారట. హైదరాబాదులో అద్దెకున్నవాణ్ణి తిడతారు. ఇవన్నీ తలూపి సర్దుకున్నాను గానీ బొద్దింకల దగ్గరికొచ్చేసరికి నా తల ఊగలేదు.

ఇల్లు చూసింది ఆదివారం పొద్దున పదింటికి. కిటికీలోంచి ఎండ, కొత్త రంగుల వాసన, ఓనరుగారి భార్య ఇచ్చిన మజ్జిగ. పావుగంటలో చూసేశాం. బొద్దింకలకి అది గాఢనిద్ర వేళ.

దిగిన రెండో రాత్రి మంచినీళ్ళకని లేచి వంటింట్లో లైటు వేశాను. సింకు కింద నుంచి, గట్టు అంచుల్లోంచి, స్విచ్‌బోర్డు సందులోంచి బయటికొచ్చి తిరుగుతున్నవాళ్ళంతా ఒక్క క్షణం ఆగి, 'ఎవరు కావాలండీ?' అన్నట్టు మీసాలు ఊపి, తొందరేమీ లేకుండా ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. దొంగ పారిపోయే తీరు వేరు, ఇంటివాడు లోపలికెళ్ళే తీరు వేరు. అప్పటికి మా అట్టపెట్టెలు సగం కూడా విప్పలేదు.

పొద్దున్నే ఫోన్ చేశాను. "మీ సామాన్లలో వచ్చుంటాయండీ" అన్నారు ఓనరుగారు, పాపం నన్ను ఓదారుస్తున్నట్టుగా.

కాస్త లెక్క వేద్దాం. మన వంటిళ్ళలో కనిపించే ఆ సన్న జాతి బొద్దింక గుడ్ల తిత్తిలో 30 నుంచి 40 దాకా గుడ్లుంటాయి. అవి పిల్లలు కావడానికి దగ్గర దగ్గర నెల. ఆ పిల్ల పెద్దదయ్యేసరికి ఇంకో రెండు నెలలు. మరి రెండో రాత్రికే తాతలు, మనవలు, వియ్యాలవారితో సహా నాకు దర్శనమిచ్చారంటే, మేం మినీ వ్యానులో తెచ్చుకున్నది ఏకంగా ఒక ఊరు అయ్యుండాలి. డ్రైవరుకి ఆ లెక్కన కిరాయి తక్కువిచ్చాను.

ఇదే ఓనరుగారు మమ్మల్ని ఇంట్లోకి రానిచ్చేముందు చేసిన దర్యాప్తు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వెజ్జా, నాన్‌వెజ్జా? సొంతూరు ఎక్కడ? పిల్లలెందరు, అల్లరి చేస్తారా? ఊర్నుంచి చుట్టాలు ఎక్కువగా వస్తారా? రాత్రి ఎన్నింటికి తలుపేసుకుంటారు? చివరికి, కాస్త గొంతు తగ్గించి, "ఇంతకీ మీరేవిట్లు?" ఇన్ని వడపోతలు పోసిన మనిషి సింకు కింద తలుపు తీసి ఒక్కసారి చూసుకోలేదు. అక్కడున్నవాళ్ళు వెజ్జూ నాన్‌వెజ్జూ ఏదీ వదలనివాళ్ళు. రాత్రి పదకొండుకి లేచి తెల్లవారుజామున నాలుగింటికి పడుకునేవాళ్ళు. పిల్లల సంగతి చెప్పాను కదా. కులం అడిగితే మీసం చూపిస్తారు.

పైగా వాళ్ళకి అడ్వాన్సు లేదు. పదకొండు నెలల అగ్రిమెంటు లేదు. ఏడాదికోసారి అద్దె పెంపు లేదు. మా అబ్బాయికి అమెరికాలో ఉద్యోగం పోయింది, ఖాళీ చెయ్యండి అనే మాట వాళ్ళకి వినపడదు. మన కాలపరిమితి చట్టం ప్రకారం ఒకరి స్థిరాస్తిని, అసలు యజమానికి ఎదురుగా, 12 ఏళ్ళపాటు బాహాటంగా అనుభవిస్తే ఆ యజమాని దావా వేసే హక్కు పోతుంది. అద్దె కడుతూ ఓనరు అనుమతితో ఉండే నాకు ఆ సదుపాయం ఎలాగూ లేదు. బొద్దింకలు మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు, దాక్కోనూ లేదు. బిల్డింగు కట్టి పదిహేనేళ్ళయింది. వాళ్ళలో ఒక ప్లీడరు పుట్టిన రోజున ఓనరుగారు కోర్టు మెట్లెక్కాల్సిందే.

ఇక రెండో వాదన. "శుభ్రంగా ఉంచుకుంటే రావండీ." ఇది మొదటిదానికన్నా విషం. బొద్దింకల విషయంలో ఇందులో పావలా నిజం ఉంది, ఒప్పుకుంటాను. అంట్లు రాత్రంతా వదిలేస్తే విందే మరి. కానీ అదే ఇంట్లో మమ్మల్ని కుట్టిన నల్లులో? నల్లికి మీ ఇంటి చెత్తతో పనిలేదు. దాని ఆహారం నెత్తురు. గుడ్డులోంచి వచ్చాక అయిదుసార్లు కుబుసం విడుస్తుంది, విడిచే ప్రతిసారీ ముందు ఒక పూట నెత్తురు తాగాలి. రోజుకి రెండుసార్లు తడిగుడ్డ పెట్టే ఇల్లాలి నెత్తురూ, నెలకోసారి చీపురు పట్టే బ్రహ్మచారి నెత్తురూ దానికి ఒక్కటే. 2023లో పారిస్ నగరమే నల్లుల గోలతో అల్లాడింది, మెట్రో రైళ్ళ నుంచి సినిమాహాళ్ళ దాకా. ఆ పారిస్ వాళ్ళకి కూడా ఎవరైనా ఫోన్ చేసి "శుభ్రంగా ఉంచుకోండమ్మా" అన్నారేమో తెలియదు.

మనవాళ్ళకి నల్లి కొత్తా ఏమన్నా? దేవుళ్ళు మంచు కొండనీ పాముపాన్పునీ పట్టుకుని ఉండటానికి కారణం నల్లుల బాధేనని వెక్కిరించిన చాటుపద్యం మనకుంది. ఆ లెక్కన ఆ దేవుళ్ళే మొదటి అద్దెదారులు, అడ్వాన్సు వదులుకుని ఖాళీ చేసినవాళ్ళు. మా చిన్నప్పుడు వేసవి రాగానే నులకమంచాలు వీధిలో ఎండకి నిలబెట్టి, కోళ్ళ బెజ్జాల్లో కిరసనాయిలో, సలసల కాగే నీళ్ళో పోసేవాళ్ళు. నాలుగిళ్ళ వాళ్ళూ ఒకేరోజు. ఎవరూ సిగ్గుపడినట్టు గుర్తులేదు. ఇప్పుడు అపార్టుమెంటులో నల్లి కనపడితే గుసగుస. పక్క ఫ్లాటు వాళ్ళకి తెలిస్తే పరువు. పనిమనిషికి చెప్తే మానేస్తుందేమో. పిల్లాడి చేతిమీద దద్దుర్లకి స్కూల్లో టీచరుకి దోమలని చెప్పాలి. ఓనరుకి కావలసింది సరిగ్గా ఇదే. అద్దెదారు సిగ్గుపడితే కాగితం మీద పెట్టడు. కాగితం మీద లేనిది జరగనట్టే. నల్లుల గురించి నాలుగు మాటలు వాట్సాపులో రాసి, ఫోటో తీసి పంపడానికి మేం మూడు వారాలు తటపటాయించాం. ఆ మూడు వారాలూ కూడా తర్వాత మా ఖాతాలోనే పడ్డాయి: "మొదట్లోనే చెప్తే నేను చూసుకునేవాణ్ణి కదండీ!"

"మీకు ముందు మూడు నెలలు ఇల్లు ఖాళీగానే ఉందండీ, అప్పుడు ఎవర్ని తిని బతికాయి?" అని బ్రహ్మాస్త్రం వేశారు ఓనరుగారు. ఎవర్నీ తినలేదు సార్. నల్లి తిండి లేకుండా నెలల తరబడి సందుల్లో పడి ఉండగలదు. ఎదురు చూసింది. టు-లెట్ బోర్డు మీరు మాకోసమే పెట్టారనుకున్నారు. పరుపు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నవాళ్ళు లోపలే ఉన్నారు.

సరే, చట్టం ఏమంటుందో చూద్దామని కూర్చున్నాను. మనకి 108 అంటే అంబులెన్సు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో కూడా అద్దెదారుల అంబులెన్సు నెంబరు 108వ సెక్షనే కావడం విచిత్రం. ఇంటి వాడకానికి అడ్డొచ్చే పెద్ద లోపం ఏదైనా యజమానికి తెలిసి, అద్దెకొచ్చేవాడికి తెలియకపోయి, మామూలు జాగ్రత్తతో చూస్తే కనపడనిదైతే, యజమాని దాన్ని ముందే చెప్పాలి. ఆ మాట అందులో ఉంది. ఆదివారం పొద్దున పదింటికి, మజ్జిగ తాగుతూ, పావుగంటలో చూసేది మామూలు జాగ్రత్తే కదా! అదే సెక్షన్లో ఇంకోటి: యజమాని చేయించాల్సిన మరమ్మతు నోటీసిచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు.

అంబులెన్సు రోడ్డెక్కిందని సంబరపడకండి. ఇవన్నీ ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతేనే. "చేయించాల్సిన" అన్న మాట దగ్గర కూడా బండి ఆగుతుంది, ఏది ఎవరు చేయించాలో ఒప్పందమే చెప్పాలి గనక. మన ఒప్పందాలు ఎక్కడ పుడతాయి? స్టాంపు పేపర్లమ్మే కొట్లో, కంప్యూటర్లో పాత పేర్లు చెరిపి కొత్త పేర్లు కొడితే పుడతాయి. ఇల్లు మంచి స్థితిలో ఉందని చూసుకుని తృప్తి చెందానని రెండో పార్టీ ఒప్పుకున్నట్టు అందులో ముందే ఉంటుంది. నేనూ తృప్తి చెందాను. రెండు పేజీలమీదా సంతకం పెట్టి మరీ తృప్తి చెందాను.

పోనీ అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా, 1960 నాటిది. ఉంది. 2005లో దాన్ని సవరించి, నగరపాలక సంస్థల పరిధిలో నెలకి 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్ళని దాని నీడలోంచి తప్పించారు. ఇవాళ హైదరాబాదులో ఆ డబ్బుకి సింకు కింద అర దొరికితే గొప్ప. చట్టం ఎవరిని కాపాడటానికి మిగిలిందో ఇప్పుడర్థమైంది, వాళ్ళు ఉండేది అక్కడే.

అన్నిటికన్నా నాకు నచ్చింది 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకొచ్చేది. అందులో ఓనరు ఏం బాగుచేయించాలి, అద్దెదారు ఏం చేయించుకోవాలి అని రెండు పట్టికలున్నాయి. అద్దెదారు వంతులో బాత్ టబ్బు మరమ్మతు ఉంది. మా ఇంట్లో టబ్బంటే బట్టలు నానబెట్టేదే, అది మేమే కొనుక్కున్నాం, బాగుచేయించుకుంటాం. తలుపుల పిడులు, తాళాలు, కుళాయి వాషర్లు, ఈగలు దోమలు రాకుండా కొట్టే జాలీలు, అన్నీ పేరుపేరునా రాశారు. బొద్దింక, నల్లి, చెద, ఎలుక ఏ పట్టికలోనూ కనపడవు. జాలీ చిరిగితే అద్దెదారుడిది. జాలీ లోపల ఉన్నవాళ్ళ మాట మటుకు ఎవరూ ఎత్తలేదు. ఒక్కటి మెచ్చుకోవాలి. సున్నం, రంగులు ఓనరు వంతు అని అందులో స్పష్టంగా రాశారు. ఇది చదివి మా ఓనరుగారికి చెప్తే చాలాసేపు నవ్వారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె కోసుకోవడం ఈ ఊళ్ళో రాజ్యాంగం కన్నా పాత ఆచారం.

ఫ్రాన్సులో 2018 నుంచి, పురుగూ పుట్రా లేని ఇల్లే అద్దెకివ్వాలని చట్టంలో రాసుకున్నారు. న్యూయార్కులో చదువుకునే మా మేనల్లుడికి అద్దె కాగితాలతోపాటు ఇంకో కాగితం ఇచ్చారట, గడిచిన ఏడాదిలో ఆ ఇంట్లో, ఆ బిల్డింగులో నల్లులు పడ్డాయో లేదో రాసి. అక్కడ అది 2010 నుంచీ తప్పనిసరి. నల్లుల జాతకం అన్నమాట. మనకి పెళ్ళికి జాతకాలు చూసే అలవాటుంది గానీ, ఇంటికి వాస్తు దగ్గరే ఆగిపోయాం. ఈశాన్యంలో బరువుండకూడదని చెప్పిన సిద్ధాంతిగారు ఆగ్నేయంలో గట్టు కింద ఏముందో చెప్పలేదు.

మేం చేయనిది లేదు. లక్ష్మణరేఖ గీశాం. సీతమ్మ దాటిందని యుగాలుగా నిందిస్తున్నాం గానీ బొద్దింకలు రోజూ దాటుతున్నాయి. జెల్ పెట్టించాం. రెండువారాలు ప్రశాంతం. తర్వాత పై ఫ్లాటు వాళ్ళు మందు కొట్టించారు, డ్రైనేజీ షాఫ్టు గుండా వాళ్ళ చుట్టాలంతా మా ఇంటికి దిగారు. మేం కొట్టిస్తే కింద ఇంటికి. పన్నెండు ఫ్లాట్లకీ గొట్టాలు ఒక్కటే, గోడలు ఒక్కటే. ఒక ఇంట్లో మందు కొట్టడమంటే వాటికి పక్కింటి అడ్రసు చెప్పడమే. అన్ని తలుపులూ ఒకేరోజు తీయించగలిగేది ఓనర్లూ, వాళ్ళ అసోసియేషనూ. అద్దెదారుకి ఆ మీటింగుకి పిలుపుండదు, మెయింటెనెన్సు బిల్లు మాత్రం మొదటి తారీఖునే వస్తుంది.

నవ్వు కాసేపు ఆపి ఒక మాట చెప్పాలి. ఎవరూ పట్టించుకోకపోతే జనం సొంత వైద్యానికి దిగుతారు. ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు తెచ్చి మంచాల కింద పెట్టేవాళ్ళున్నారు. గాలిలో తేమ తగిలితే చాలు, అందులోంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. అది నల్లులకీ మనుషులకీ తేడా చూడదు, మన గదికీ పక్క గదికీ మధ్య గోడని కూడా లెక్కచెయ్యదు. శిక్షణ లేనివాళ్ళు ఇళ్ళలో ముట్టుకోకూడని మందు. మూడువేలో నాలుగువేలో పెట్టి మనిషిని పిలిపించడం ఎవరి వంతు అన్న తగువు తెగక, ఆ బిళ్ళలు కొనుక్కొచ్చేదాకా వెళుతుంది వ్యవహారం.

పదో నెలలో ఖాళీ చేస్తున్నామని చెప్పాం. అడ్వాన్సులోంచి పెయింటింగు పోయింది. దానికింద ఇంకో గీత: 'పెస్ట్ కంట్రోల్.' ఆ డబ్బుతో మందు కొట్టించడానికి ఎవరన్నా వస్తారేమోనని మేమున్న ఆఖరి రెండు వారాలూ ఎదురు చూశాం. రంగులవాళ్ళు వచ్చారు.

ఆ ఆదివారం పొద్దున పదింటికి ఒక కొత్త జంట ఇల్లు చూడ్డానికొచ్చారు. వెనక ఓనరుగారు, "ఏ ప్రాబ్లమూ లేదండీ" అంటూ. మా ఆవిడ నాకేసి చూసింది. ఓనరుగారు బాల్కనీ చూపించడానికి ముందుకెళ్ళగానే ఆ అమ్మాయితో మెల్లగా అన్నాను, "ఒకసారి రాత్రి పదకొండు తర్వాత కూడా వచ్చి చూడమ్మా, మేం ఉంటాం, లైటు వేసి చూపిస్తాం" అని. ఆ పిల్ల తెలివైంది. బాల్కనీలోకి వెళ్ళి అదే మాట ఓనరుగారిని అడిగింది.

సాయంత్రానికి గేటుకున్న టు-లెట్ బోర్డుమీద, ఫ్యామిలీలకు మాత్రమే అన్న దానికింద, కొత్త పెయింటుతో ఇంకో లైను చేరింది. ఇల్లు చూపించు వేళలు: ఉదయం 10 నుంచి 12 వరకు.