టీవీ కొట్టులో ఒక వాక్యం: సటీకాతాత్పర్యం

మూలం

అన్నా, పిల్లోడి గేములకూ ఇంట్లోకీ పనికొచ్చే మంచి టీవీ ఒకటి తక్కువలో చూపించు.

అవతారిక

కోఠిలోనైనా, బెజవాడలోనైనా, తిరుపతిలోనైనా టీవీల కొట్లో అడుగుపెట్టిన గృహస్థు నోట వెలువడే తొలి వాక్యం ఇది. కర్త అజ్ఞాతుడు. కాలనిర్ణయం కష్టం, ‘గేములకూ’ అన్న మాట ఉంది కనుక డయనోరా, సాలిడార్‌ల యుగం నాటిది మాత్రం కాదు. తెలంగాణ ప్రతుల్లో ‘పోరని గేములకు’ అనీ, ‘జర తక్కువల’ అనీ పాఠాంతరాలున్నాయి. సీమ ప్రతుల్లో ‘అన్నా’ నోట్లో నలిగి ‘నా’ అయి వాక్యం చివరికి చేరుతుంది. అర్థభేదం లేదు, బేరమాడే తీరులోనే భేదం.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ప్రతిజ్ఞ పట్టాడు. ఆయనకు చెల్లింది. ఏం చెబుతున్నాడో కాళిదాసుకు తెలుసు. మన కర్తకు తనకేం కావాలో తెలియదు కాబట్టి ఇక్కడ మూలంలో లేనిదే ఎక్కువ రాయాల్సి వస్తోంది. పెద్దలు మన్నించాలి.

ప్రతిపదార్థం

అన్నా = ఓ కొట్టు కుర్రవాడా (నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడవైనను); పిల్లోడి = ఇంటరు చదువుచు ప్లేస్టేషన్ కొనిపించుకున్న నా కొడుకుయొక్క; గేములకూ = ఫుట్‌బాలు, కార్ల పందెము, కాల్పులు మొదలగువానికిని; ఇంట్లోకీ = భార్య, తల్లి, చుట్టపుచూపుగా వచ్చి నెల్లాళ్ళుండు బావమరిది, వీరందరికిని; పనికొచ్చే = తగినట్టి; మంచి = (దీని సంగతి విశేషాల్లో చూచునది); టీవీ = టీవీని; ఒకటి = ఒక్కదానిని మాత్రమే; తక్కువలో = పక్కింటివారు కొన్న ధరకంటె తక్కువకు, వారిదానికంటె పెద్దదానిని; చూపించు = చూపుము.

తాత్పర్యం

ఓ కుర్రవాడా! నా జేబులో పాతికవేలు ఉన్నవి. మా ఇంట రిమోటు కోరువారు ఇద్దరు. వారిలో ఏ ఒక్కరూ నన్ను తిట్టని ఉపాయము చెప్పుము.

విశేషాలు

‘పనికొచ్చే’ అన్న పదం దేహళీదీప న్యాయం చేత అటు గేములకూ ఇటు ఇంట్లోకీ అన్వయిస్తుంది. గడప మీద దీపం లోపలికీ బయటికీ వెలుగిచ్చినట్టు ఒక్క టీవీ ఇద్దరికీ పనికిరావాలని కర్త ఆశ. కష్టమంతా ఇక్కడే ఉంది. ఆట టీవీని కోరేది ఒకటి, సీరియల్ కోరేది దానికి సరిగ్గా ఎదురు.

అదెలాగంటారా? టీవీ కూడా ఒక వ్యాఖ్యాతే. బొమ్మ లోపలికి రాగానే దాన్ని ఉన్నదున్నట్టు చూపించదు. మచ్చలు తుడుస్తుంది, అంచులు పదును పెడుతుంది, రంగు దట్టిస్తుంది. రెండు బొమ్మల మధ్య తనకు తోచిన మూడో బొమ్మ గీసి చొప్పిస్తుంది. దీనికి సెట్టింగుల్లో ‘మోషన్ స్మూతింగ్’ లాంటి పేర్లుంటాయి; మన పరిభాషలో ప్రక్షిప్తం. కవి రాయని పద్యాన్ని కావ్యంలో ఇరికించడం లాంటిదే. ఈ పనికి సమయం పడుతుంది. సీరియల్ చూసేవారికి ఆ ఆలస్యం తెలియదు. కోడలు ఏడుపు మొదలెట్టి సెకనులో పదోవంతు తర్వాత కన్నీరు కనపడితే మునిగిపోయేదేం లేదు. ఆటగాడికి అలా కుదరదు. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. పదోవంతు సెకను ఆలస్యమంటే ఆరు ఫ్రేములు పోయినట్టు. పిల్లోడు మీట నొక్కుతాడు, తెరమీద మనిషి దూకేలోపు శత్రువు కాల్చేసి వెళ్ళిపోతాడు. కంట్రోలర్ సోఫా మీదికి ఎగిరి పడుతుంది. వాడు చెప్పే ‘ల్యాగ్’ ఇదే. దీనికి నెట్‌వర్క్‌ను తిట్టే ఇళ్ళు కోకొల్లలు.

అందుకే ‘గేమ్ మోడ్’ అని ఒకటుంటుంది. అది పెడితే టీవీ టీకలన్నీ కట్టిపెట్టి మూలపాఠం ఒక్కటే చదువుతుంది. రంగులు కాస్త చప్పబడతాయి, అయినా చేతికీ కంటికీ మధ్య అడ్డు తొలగుతుంది. ఆట మొదలవగానే తనంతట తాను ఈ మోడ్‌లోకి మారే సదుపాయాన్ని ఏఎల్ఎల్ఎం అంటారు. ఇది టీవీలోనూ ఆటయంత్రంలోనూ ఉంటే తల్లి సీరియల్‌కీ కొడుకు ఆటకీ నడుమ తండ్రి మాటిమాటికీ సెట్టింగుల్లోకి వెళ్ళనక్కర్లేదు. నా మటుకు నేను చవక టీవీలో వెతికే మొదటి గుణం ఇదే. మాట్లాడే టీవీలు బోలెడు. నోరు మూసుకోమంటే మూసుకునేది అరుదు.

‘గేములకూ’ అనగానే కుర్రవాడు ‘గేమింగా సార్?’ అని 120 హెర్ట్జ్ (సెకనుకు 120 బొమ్మలు చూపే) సెట్ల వైపు నడిపిస్తాడు. ముందు ఇంట్లో ఉన్న యంత్రం ఏదో చెప్పాలి. మామూలు పీఎస్4 పంపేది 1080 గీతల బొమ్మ, సెకనుకు 60కి మించదు. దానికి 120 హెర్ట్జ్ తెర కొనడం దండగ. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికొచ్చింది. అది 4కె బొమ్మను 120 దాకా పంపగలదు. అలాగని 120కి ఆడే ఆటలు కొన్నే. తక్కినవి 30, 60 దగ్గరే నడుస్తాయి. పాతికవేల గృహస్థుకు 60 హెర్ట్జ్ చాలు.

శంక: డబ్బా మీద హెచ్‌డీఎంఐ 2.1 అని ఉంది కదా, అంటే 120 వచ్చినట్టే కదా? సమాధానం: రాదు. 2.1లో చెప్పిన సదుపాయాలు చాలావరకు ఐచ్ఛికాలు. అందులో ఏదో ఒకటి పెట్టి ఆ అంకె వేసుకున్న 60 హెర్ట్జ్ టీవీలున్నాయి. తెర 60 అయితే తీగ ఎంత గొప్పదైనా 60యే. ‘మోషన్ రేట్ 240’ వంటివి సరేసరి, అవి లెక్కలు కావు, బిరుదులు.

ఇక ‘ఇంట్లోకీ’. ఈ పదం దగ్గర పూర్వవ్యాఖ్యాతలందరూ జారిపోయారు. ఇంట్లో నడిచేది కేబులో డిష్షో, సాదా ఎస్‌డీ చానళ్ళ ప్యాకేజీ. ఎస్‌డీ అంటే 576 గీతలు, గీతకు మహా అయితే 720 చుక్కలు. గుణిస్తే 4,14,720. 4కె తెరలో ఉన్నవి 82,94,400. భాగించి చూడండి, సరిగ్గా ఇరవై రెట్లు. చానల్ పంపింది ఒక్క చుక్క, తక్కిన పందొమ్మిదీ టీవీ ఊహించి గీసినవి. పందొమ్మిది ప్రక్షిప్తాలున్న కావ్యాన్ని కొత్తది, ఖరీదైనది అని ఇంటికి తెచ్చి గోడకు తగిలిస్తే నాయనమ్మ రెండో రోజే అంటుంది: ‘పాత టీవీలోనే మొహాలు బాగా కనపడేవిరా.’ ఆవిడ చెప్పింది నిజం. పదడుగుల నుంచి చూస్తే ఎస్‌డీ బొమ్మ 32 అంగుళాల మీద ఇంచుమించు నున్నగా ఉంటుంది. 43 అంగుళాల మీద అంతే నున్నగా కనపడాలంటే పదమూడున్నర అడుగుల దూరానికి వెనక్కి జరగాలి. అక్కడ వంటిల్లు ఉంటుంది.

నివారణ ఖరీదైనదేం కాదు. టీవీ మార్చిన రోజే సెట్‌టాప్ బాక్సు కూడా హెచ్‌డీదానికి మార్చి, ఇంటావిడ చూసే నాలుగు చానళ్ళకు హెచ్‌డీ ప్యాక్ వేయించాలి. ఎరుపు, తెలుపు, పసుపు తీగలు మూడూ పీకేసి హెచ్‌డీఎంఐ తీగ పెట్టాలి. హెచ్‌డీ బాక్సు ఉండి కూడా ఏళ్ళ తరబడి పసుపు తీగతోనే చూస్తున్న ఇళ్ళున్నాయి. కేబుల్ అబ్బాయి ఆ రోజు చేతికి దొరికింది తగిలించి వెళ్ళాడు, ఎవరూ అడగలేదు.

అధ్యాహారం. మూలంలో లేకపోయినా తెచ్చి కలుపుకోవలసిన పదం ఒకటుంది: ‘ఎంత దూరం నుంచి’. ఇది కలపకపోతే వాక్యానికి అన్వయమే కుదరదు. మామూలు చూపున్న కన్ను రెండు చుక్కలను విడివిడిగా గుర్తుపట్టాలంటే అవి ఒక నిర్ణీత కోణం కంటే ఎడంగా ఉండాలి. దూరం పెరిగితే ఆ ఎడం కుంచించుకుపోతుంది. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ తెరలో గీతకు 1366 చుక్కలు. దాదాపు ఆరడుగులు దాటితే ఆ చుక్కలు కంటికి కలిసిపోతాయి. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి ఐదున్నర అడుగులు, అదే సైజు 4కెకి మూడడుగుల లోపే. అంటే పదడుగుల దూరంలో సోఫాలో కూర్చున్నవారికి 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 4కె రెండూ ఒకటే. కొట్టువాడు వాటిని పక్కపక్కన పెట్టి, మీ ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి పిలిచి తేడా చూపిస్తాడు. ఇంట్లో అలా చూసేది ఒక్కడే. ప్లాస్టిక్ కుర్చీ ముందుకు లాక్కుని మూడడుగుల దూరంలో కూర్చునే పిల్లోడు. కాబట్టి చుక్కల సంఖ్య పిల్లోడి కోసం, అంగుళాలు పెద్దవాళ్ళ కోసం. ఈ రెండిటినీ కలిపి చూస్తే పాతికవేల లోపు దొరికే 43 అంగుళాల 4కె నాకు న్యాయంగా తోస్తోంది. పది పన్నెండు వేలే ఉన్నవారు 32 తీసుకుని పిల్లోడి కుర్చీని వెనక్కి జరిపితే సరి.

‘మంచి’. మీమాంసకులు వేదవాక్యాలను విధి అనీ అర్థవాదం అనీ విడదీశారు. విధి చేయవలసింది చెబుతుంది, అర్థవాదం పొగుడుతుంది. టీవీ డబ్బాను ఈ కళ్ళద్దాలతో చదివితే సగం బరువు దిగిపోతుంది. ఎన్ని హెచ్‌డీఎంఐ రంధ్రాలు (మూడుండాలి: ఆటకు, సెట్‌టాప్ బాక్సుకు, సౌండ్‌బార్‌కు), తెర అసలు హెర్ట్జ్ ఎంత, గేమ్ మోడ్ ఉందా, గ్యారంటీలో ప్యానెల్ కలిసిందా: ఇవి విధులు. వెలుగునీడల తేడాను పెంచి చూపే హెచ్‌డీఆర్ చవక సెట్లలో అర్థవాదం. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన వెలుగు రాదు. చవక తెరల వెలుగు 250, 300 నిట్‌ల దగ్గర ఆగిపోతుంది, హెచ్‌డీఆర్ సినిమా అడిగే మెరుపు అక్కడ పుట్టదు. సంకేతాన్ని అర్థం చేసుకోగలదు, చూపించలేదు. శాస్త్రం తెలిసి పాడలేని పండితుడి వరస. ‘ఎల్ఈడీ టీవీ’ అన్నది కూడా చాలావరకు వెనక ఎల్ఈడీ దీపాలున్న ఎల్‌సీడీయే.

ప్యానెళ్ళలో రెండు శాఖలున్నాయి. వీఏ నలుపును నలుపుగా చూపిస్తుంది, చీకటి గుహల ఆటలకు మేలు. అయితే పక్కనుంచి చూస్తే మొహాలు పాలిపోతాయి. ఐపీఎస్ పక్కనుంచీ బాగుంటుంది, నలుపు మాత్రం బూడిద రంగుకు తిరుగుతుంది. దివాను కిటికీ కింద, టీవీకి బాగా ఓరగా ఉండి, నాయనమ్మ దాని మీదే పడుకుని చూస్తుందంటే ఐపీఎస్ వైపే మొగ్గాలి. ఏ శాఖో డబ్బా మీద సాధారణంగా రాయరు. కొట్లో ఎదురుగా నిలబడి, ఒక పక్కకు నాలుగడుగులు నడిచి చూస్తే తెలిసిపోతుంది.

‘తక్కువలో’. జీఎస్టీలో కూడా 32 అంగుళాల దగ్గర ఒక గీత ఉండేది. 2019 జనవరి నుంచి అంతవరకూ 18 శాతం, దాటితే 28. 2025 సెప్టెంబరు 22న ఆ గీత చెరిగి పెద్దవాటికీ 18 అయింది. పన్నుకు ముందు ఇరవై వేలున్న సెట్ 25,600 నుంచి 23,600కు దిగాలన్నమాట. మిగిలిన ఆ రెండు వేలనూ కొట్టు ఊరికే పోనివ్వదు. గోడకు బిగించే బ్రాకెట్, స్టెబిలైజర్, ‘బంగారు పూత’ తీగ, పొడిగించిన వారంటీ అంటూ ఒక్కొక్కటే బిల్లులోకి నడిచి వస్తాయి. తీగ పెట్టెలోనే ఉంటుందేమో ముందు అడగాలి. పీఎస్4, పీఎస్5ల పెట్టెల్లో తీగ వస్తుంది. ఇంటి నుంచి బయలుదేరే ముందు షోకేసు కొలవాలి. పాత డబ్బా టీవీ కోసం చేయించిన అరలో 43 అంగుళాలది పట్టదు, దాని వెడల్పే సుమారు 95 సెంటీమీటర్లు. కాళ్ళు కూడా ఇప్పుడు చాలావాటికి మధ్యలో ఉండవు, రెండు కొసల్లో ఉంటాయి. చిన్న బల్ల మీద ఒక కాలు గాల్లో వేలాడుతుంది.

‘ఒకటి’ అన్న ఏకవచనం మీద వివాదం ఉంది. పాత టీవీని ఎక్స్‌చేంజ్‌లో ఇస్తే వచ్చేది స్వల్పం, ఉంచుకుని పడకగదిలో పెడితే రాత్రి ఏడున్నరకు సీరియలా, ఆటా అన్న గొడవ తీరుతుంది అని ఒక పక్షం. పడకగదిలో టీవీ ఉంటే చదువు గంగపాలు అని తల్లుల పక్షం. గ్రంథవిస్తర భీతి చేత వదిలేస్తున్నాను.

‘చూపించు’. క్రియాపదం చివర ఉంది కనుక ప్రాధాన్యం దీనిదే. కొట్లో మీకు చూపించేది నెమళ్ళు, జలపాతాలు, కోసిన దానిమ్మ గింజలు. అవి టీవీ బాగుందని రుజువు చేయవు, దానిమ్మ బాగుందని చేస్తాయి. సెట్‌టాప్ బాక్సు కలిపి ఒక ఎస్‌డీ చానల్ పెట్టమనండి. క్రికెట్ నడుస్తుంటే బంతి వెనక తోక కనపడుతుందేమో చూడండి. పిల్లోడి ప్లేస్టేషన్ సంచిలో వేసుకుపోయి తగిలించమంటే కాదనే కొట్టు తక్కువ, మొహం చిట్లించే కొట్టు ఎక్కువ, చిట్లించనివ్వండి. రిమోటు చేతికి తీసుకుని సెట్టింగుల్లోకి వెళితే అక్కడ ‘స్టోర్ మోడ్’ ఆన్‌లో ఉంటుంది. షాపు దీపాల్లో మెరవడానికి వెలుగంతా ఎగదోసిన స్థితి అది. ‘హోమ్ మోడ్‌కి మార్చు తమ్ముడూ’ అన్నప్పుడు కుర్రవాడు మీ వైపు కాక మేనేజరు వైపు చూస్తాడు. అప్పటిదాకా ‘అన్నా’ అన్నవారు ‘తమ్ముడూ’కు దిగినా ఫరవాలేదు, మార్చేదాకా మాత్రం రిమోటు తిరిగివ్వకండి.