గట్టాచార్యులు

నార్సింగి పరిసరములలో, ఆకాశమునంటు సౌధముల నడుమ ఎట్లో మిగిలిపోయిన చిన్న చెరువుల గట్లపై, ఆదివారము ప్రాతఃకాలమున గాలములు పట్టి బారులుతీరి కూర్చుండు సాఫ్ట్‌వేరు యువకుల వెనుక, పంచెపై స్వెట్టరు తొడిగి, కొడుకు అమెరికానుండి తెచ్చిన తెల్లబూట్లు కాళ్లకు వేసికొని, చేతులు వీపున కట్టుకొని నిలిచియుండు వృద్ధమూర్తి యొకడు తప్పక కానవచ్చును. ఆయనకు గాలము లేదు, ఎర లేదు, చేపలు వేసికొనుటకు సంచియు లేదు, ఉన్నదెల్ల అభిప్రాయమే. నే నాయనకు గట్టాచార్యులని బిరుద మిచ్చితిని.

ఆచార్యులవారి జన్మభూమి గోదావరికో కొల్లేటికో కూతవేటు దూరమున నుండును. పూర్వాశ్రమమున ఆయన హెడ్మాస్టరు కావచ్చును, బ్యాంకు మేనేజరు కావచ్చును, రైసుమిల్లు యజమాని కావచ్చును. అది ముఖ్యము కాదు. ఇప్పుడు కొడుకు కొన్న ఇరువదియవ అంతస్తులోని ఫ్లాటున, కోడలు మీటింగునకును, మనుమడు ట్యూషనునకును, కొడుకు వారాంతపు నిద్రకును అంకితులై పోగా, డెబ్బదియేండ్లుగా కూడబెట్టిన లోకజ్ఞానమును ఎవరికి ధారపోయవలెనో తెలియక, ఆయన లిఫ్టు దిగి గట్టు చేరును. అచ్చట ఆయనకు లభించు శ్రోతలవంటివారు ఏ పురాణకాలక్షేపమునందును లభింపరు. చేతిలో గాలపుకర్ర యుండుటచే వారు లేచిపోజాలరు. చేపలు బెదరునను భయముచే గొంతెత్తి ఎదురాడజాలరు. ఏమియు పడకుండుటచే తమకు విద్య వచ్చునని వాదింపను జాలరు.

"ఎర ఏం పెట్టారు బాబూ?"

"మైదా ముద్ద, అంకుల్. కొంచెం వెనీలా ఎసెన్సు కలిపాను."

"వెనీలాయా! చేపకి పుట్టినరోజు చేస్తున్నారా ఏంటి? వానపామండీ, ఆయ్, వానపాము గుచ్చాలి."

నాలుగడుగుల ఆవల వానపామునే గుచ్చి కూర్చున్న రెండవ యువకుడు ఇది విని ఒకింత గర్వపడునంతలో, ఆచార్యులవారు ఆతని వెనుకకు చేరి, "అబ్బే, వానపామేంటండీ! తవుడూ, పల్లిచెక్కా కలిపి ముద్ద చేసి పెడితే బొచ్చె పరుగెత్తుకు రాదూ!" అనును. ఇందు వైరుధ్య మేమియు లేదు. ఎవడే ఎర పెట్టెనో దానికి భిన్నమైనదే సరియైన ఎర యనునది ఆయన సిద్ధాంతము.

ఆయన శాస్త్రజ్ఞాన మసత్యమని నే ననను. బొచ్చె నీటి పైపొరను, శీలావతి నడిమిపొరను, మోసు అడుగుబురదను మేయునని, ఒకదాని మేతకు మరొకటి అడ్డురాదు గనుకనే ఈ మూడింటిని కలిపి పెంచుదురని ఆయన చెప్పునప్పుడు అందొక్క అక్షరమును తప్పుపట్ట వలనుపడదు. అయిన, "మరి బెండు ఎంత లోతున కట్టమంటారు?" అని ఎవడైన అమాయకుడు అడిగినచో, ఆయన చెరువును ఆ చివరనుండి ఈ చివరకు పరికించి, "అది నీళ్లని బట్టి ఉంటుంది బాబూ" అని గంభీరముగా సెలవిచ్చును.

ఈ వినోదము మనకు క్రొత్తది కాదు. కల్యాణమును ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు, పండ్రెండవ శతాబ్దమున తాను రచించిన మానసోల్లాసమందు, మత్స్యవినోదమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే కేటాయించి, ఏ చేప కే ఎర తగునో వివరించినాడు. ఆ విద్యను రాజు నిశ్చింతగా సాగింపగలుగుటకు కారణము, నా ఊహలో, ఆయన వెనుక నిలిచి "అట్లు కాదు ప్రభూ" అనగల ప్రాణి రాజ్యమున లేకుండుటయే. ఆంగ్లదేశమున 1653లో ఐజాక్ వాల్టన్ ప్రకటించిన గ్రంథమందును ఉపదేశము దండిగానే యున్నది గాని, అందుపదేశించు గురువు తానే గాలము వేయువాడు. గాలము ముట్టకయే గురుపీఠ మధిష్ఠించుట మన గట్టుపై వెలసిన పరిణామము.

ఆచార్యులవారిని మాటలో గెలుచుట దుర్లభము. ఎవడైన స్థానికాభిమానముతో, 1908లో మూసీ ముంచెత్తిన పిమ్మట కట్టగా 1920లో పూర్తియైన గండిపేట చెరువు ఇక్కడికి దగ్గరేనని పలికెనా, ఆయన వెంటనే ధవళేశ్వరమునకు, 1852కు, కాటన్‌దొర ఆనకట్టకు వెడలిపోవును. కొర్రమీను తెలంగాణ రాష్ట్రమత్స్యమన్నచో, "మంచిదేనండీ, కాదనను" అని నిట్టూర్చి పులసను ప్రస్తావించును. మృగశిర ప్రవేశించిననాడు నగరమంతయు చేపలకై ఎగబడుట చూచి, "మా వైపు కార్తెతో పనేంటండీ, రోజూ చేపే" అని నవ్వును. ఈ ఊరి చేపకు రుచియే లేదని ఆయన నిశ్చితాభిప్రాయము. అయితే ఆదివారము కోడలు దుకాణమున కొని తెప్పించిన బొచ్చె, తరచుగా ఆకివీడు భీమవరముల చెరువులలో పెరిగి లారీ యెక్కి వచ్చినదే. ఆయనయు అదియు ఒకే సీమవారు. ఆయన ఏసీ బస్సున వచ్చెను, అది మంచుపెట్టెలో వచ్చినది, అంతియే భేదము.

నిరుడు శీతకాలమున ఒక ఉదయము ఆ చెరువు చేపలపై హక్కుగల మత్స్యకార సహకార సంఘపు పెద్దమనిషి యొకడు గట్టుమీదికి వచ్చెను. యువకులు దొంగలవలె ముడుచుకొనిరి. ఆతడు వారిని చూచి, "సరదాకు పట్టుకుంటే పట్టుకోండ్రి గాని, దొరికినయి మళ్ల నీళ్లల్లనే ఇడువుండ్రి" అని ఊరకుండెను. ఆచార్యులవారు మాత్ర మూరకుండక, క్రొత్త శ్రోత దొరకెనను హర్షముతో, చేపపిల్లలను ఏ మాసమున విడువవలెనో, వల కన్ను ఎంత యుండవలెనో ఆతనికి బోధింపసాగిరి. ఆతడు పుట్టి బుద్ధెరిగిననాటినుండి నీటిలోనే బ్రతికినవాడు. ఐనను అంతయు ఓపికతో విని, చివర నిట్లనెను:

"అన్ని మంచిగ చెప్పిండ్రు సారూ. జర ఎనుకకు జరుగుండ్రి. మీ నీడ నీళ్లల్ల వడుతుంది, చాపలు బెదురుతున్నయి."

అందరును నీటివంక చూచిరి. సూర్యుడు వెనుకనుండి కాయుచుండ, స్వెట్టరు తొడిగిన దీర్ఘచ్ఛాయ యొకటి మూడు బెండ్లమీదుగా సాగి చెరువులో శయనించియుండెను. ఆచార్యులవారు క్షణకాలము దానిని పరిశీలించి, ఆరడుగులు వెనుకకు జరిగి, గట్టు దిగి చుట్టు తిరిగి, ఆవలి కొసన ఒంటరిగా కూర్చున్న యువకుని చేరి, ఆతని చెవిలో రహస్యముగా ననిరి:

"నీడ చూసుకోవాలి బాబూ! ఎర కాదండీ ముఖ్యం, నీడ. మా కొల్లేట్లో పసిపిల్లాడికి కూడా తెలుసు."