అడుగుల లెక్క

వికారాబాద్ గాలికి పేరుంది. ఒకప్పుడు అనంతగిరి గుట్ట మీద టీబీ శానిటోరియం పెట్టింది ఆ గాలిని చూసే. మా బావ రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకుని, రోజూ పొద్దున్నే ఆ గుట్ట ఎక్కి దిగుతుంటాడు. అడుగులు లెక్కపెట్టే చిన్న మిషన్ నడుముకు తగిలించుకుంటాడు. ఇంటికి రాగానే చాయ్ కన్నా ముందు అందులో అంకె చూస్తాడు. పదివేలకు నాలుగు తగ్గినా వరండాలో అటూ ఇటూ తిరిగి పూర్తి చేస్తాడు. ఆ పదివేలు ఏ డాక్టరూ పరిశోధించి తేల్చిన అంకె కాదనీ, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన మిషన్ పేరులోంచి లోకమంతా పాకిందనీ చెప్పి చూశాను. "అయితే ఏంది? నా బీపీ తగ్గిందా లేదా?" అన్నాడు. తగ్గిన మాట నిజమే.

తన ఒంటికి మేలు చేసింది ఊరందరికీ చేయాలనుకునే మనిషి. పెద్దలు మాట వినరు కాబట్టి పిల్లల మీద పడ్డాడు. అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు వయసు వాళ్లు రోజుకు సగటున కనీసం గంటసేపు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ కాగితం ప్రింటు తీసి జేబులో పెట్టుకుని తిరిగాడు కొన్నాళ్లు. చివరికి తనతో చదువుకున్న ఒకాయన తాండూరు పక్క ఊళ్లో ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరని గుర్తొచ్చింది. నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు మనిషికొక మిషన్ కొన్నాడు. డిసెంబర్ మొదట్లో నన్నూ వెంటేసుకుని తాండూరు రైలెక్కాడు.

తాండూరులో దిగితే గాలి వేరే. బండలు కోసే రంపాల చప్పుడు, పాలిష్ మిషన్ల దగ్గర బూడిద రంగు బురద. పట్నంలో సగం ఇళ్ల అరుగుల కింద పరిచిన బండ ఈ దుమ్ములోంచి వచ్చిందే. ఊరు దాటామో లేదో రోడ్డుకు రెండు వైపులా కంది చేలు, ఎండి గలగలమంటూ కోతకొచ్చి ఉన్నాయి. 2022లో తాండూరు కందికి జీఐ ట్యాగ్ వచ్చిన దగ్గర్నుంచి పప్పు వండినప్పుడల్లా బావ ఆ సంగతి చెప్తాడు. ఆ రోజు చేలను చూసుకుంటూ మళ్లీ చెప్పాడు.

బడి శుభ్రంగా ఉంది. గోడల మీద పండ్లు, కూరగాయల బొమ్మలు, 'ఆటలాడుదాం, ఆరోగ్యంగా ఉందాం' అన్న అక్షరాలు. ముందున్న ఖాళీ జాగాలో సగం మేర, ఏదో పని కోసం తెచ్చిన బండలు పేర్చి ఉన్నాయి. పిల్లలు వాటి మధ్య సందులో కబడ్డీ ఆడుతున్నారు. వ్యాయామం టీచర్ ఎవరని బావ అడిగితే హెడ్మాస్టర్ నవ్వేశాడు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్న 2009 విద్యాహక్కు చట్టమే, వ్యాయామం నేర్పే మనిషిని మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వందమంది పిల్లలు దాటితేనే, పార్ట్‌టైంగా ఇవ్వమంది. అయిదో తరగతి లోపు వాళ్లకు ఆడటం పుట్టుకతోనే వచ్చు అనుకున్నారేమో. అనుకున్నా తప్పు లేదు, కదలనిస్తే.

హెడ్మాస్టర్ ఒకే షరతు పెట్టాడు. "క్లాసు నడిచేటప్పుడు మిషన్లు బ్యాగులల్లనే ఉండాలె అన్నా. లేకుంటే పాఠం ఇనరు, ఊకె ఊపి చూస్కుంటరు."

బావ సరేనన్నాడు. మిషన్‌లో వారం రోజుల లెక్క నిలవ ఉంటుంది. సోమవారం ప్రార్థన అయ్యాక మేడం ఆ అంకెలు రిజిస్టర్‌లో ఎక్కిస్తుంది, హెడ్మాస్టర్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. అందరికన్నా ఎక్కువ నడిచిన వాళ్లకు జనవరి 26న బహుమతి.

రెండు వారాలు తిరక్కుండానే నాలుగో తరగతి పిల్లాడొకడు అందర్నీ వెనక్కి నెట్టాడు. మిగతా పిల్లల అంకెలు ఆదివారం పైకి లేచి, బడి ఉన్న రోజుల్లో కిందికి పడిపోతున్నాయి. వీడికి మాత్రం బడి ఉన్నా లేకున్నా ఒకటే, రోజూ పదిహేనువేలకు తగ్గడం లేదు. బావకు అనుమానం వచ్చి, మేకకు గాని కట్టాడేమో కనుక్కోమన్నాడు. వాళ్లింట్లో మేకల్లేవని జవాబొచ్చింది. ఆ తర్వాత బావ ఆనందం పట్టలేకపోయాం. వాడి కోసం పరుగు పందెం బూట్లు కొంటానన్నాడు. కాలి కొలత కావాలంటే, హెడ్మాస్టర్ తెల్లకాగితం మీద వాడి పాదం పెన్సిల్‌తో గీయించి పంపాడు. బొటనవేలు దగ్గర గీత కొంచెం వణికింది, చక్కిలిగిలి పెట్టి ఉంటుంది.

జనవరి 26న జెండా ఎగిరింది, బిస్కెట్లు పంచారు. ఆ బడిలో ఏటా 'ఉత్తమ క్రమశిక్షణ' బహుమతి ఒకటి ఇస్తారు, గంట కొట్టినప్పట్నుంచి కూచున్న చోటు నుంచి లేవని పిల్లలకు. హెడ్మాస్టర్ ముందు అది చదివాడు. ఆ నాలుగో తరగతి పిల్లాడే. తర్వాత బావ బహుమతి చదివాడు. మళ్లీ వాడే. "కూసుంటే బండ, లేస్తే బాణం! మా బడి పిల్లలంటే ఇట్లుంటరు" అన్నాడు మైకులో. చప్పట్లు ఆగలేదు. రోజంతా కదలనివాడు పదిహేనువేల అడుగులు ఎప్పుడు వేశాడని మాలో ఎవరికీ తట్టలేదు.

బావ మోకాళ్ల మీద కూచుని తన చేతులతోనే బూట్లు తొడిగి, లేసులు కట్టాడు. వేలితో ముందు నొక్కి చూశాడు.

"సరిపోయినయారా?"

"సరిపోయినయి సార్." వాడు కాసేపు కాళ్లవైపు చూసుకున్నాడు. "గని సార్, ఇవి తీస్కొని పెద్దయి ఇస్తరా? ఇంకో కాగితం మీద గీస్కొస్త."

"ఎవరి కాలురా?"

"మా నాయినమ్మది. కంది కోతకు పోయేటప్పుడు మిషన్ ఆమె చెంగుకే కడుతున్న సార్. నా దగ్గరుంటే బ్యాగులనే ఉంటది గద!"